నక్షత్రాల అయస్కాంత క్షేత్రం: ఫలితంతో పాటు పరికరం సంగతీ రాయండి

సంపాదకులకు నమస్కారములు.

నక్షత్రాల అయస్కాంత క్షేత్రాల గురించి, సౌర తుఫానుల గురించి, సూర్యుడిని గమనించే మన అంతరిక్ష నౌక ఆదిత్య-ఎల్1 పరిశీలనల గురించి తెలుగు పత్రికల విజ్ఞాన పుటల్లో ఈ మధ్య తరచుగా వార్తలు వస్తున్నాయి. ఒడిశా సరిహద్దు పట్టణాలైన పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురంలలో వాటిని శ్రద్ధగా చదివే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. బడిలో ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుకుంటూ ఇంట్లో మాత్రం తెలుగు మాట్లాడే మా పిల్లలకు శాస్త్ర విషయాలు సొంత భాషలో దొరికే చోటు దాదాపుగా ఆ పుట ఒక్కటే. అందువల్ల ఈ ఉత్తరం కొంత పొడవైనా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఆ వార్తల్లో నాకు ఒక పెద్ద లోటు కనిపిస్తోంది. ఫలానా నక్షత్రానికి ఇన్ని గాస్‌ల (గాస్ అంటే క్షేత్ర బలాన్ని కొలిచే ప్రమాణం) అయస్కాంత క్షేత్రం ఉందని శాస్త్రవేత్తలు కనుగొన్నారని చెప్పి, టెలిస్కోపు అద్దం వ్యాసం ఇన్ని మీటర్లని ఒక మాట కలిపి వార్త ముగిస్తారు. ఎన్నో కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న నక్షత్రం దగ్గరకు దిక్సూచిని తీసుకెళ్లలేం కదా, మరి ఆ సంఖ్య ఎలా వచ్చిందని ఆలోచించే విద్యార్థికి అక్కడ జవాబు దొరకదు. పైగా, అద్దం ఎంత పెద్దదైతే అంత గొప్ప ఫలితం వస్తుందన్న అభిప్రాయం మనసులో స్థిరపడుతుంది. అయస్కాంత క్షేత్రాల విషయంలో ఈ అభిప్రాయం సరికాదు. ఇక్కడ ఫలితాన్ని నిర్ణయించేది అద్దం వెనుక అమర్చే పరికరం, దాన్ని రూపొందించినవారి జాగ్రత్త. భౌతికశాస్త్రం బోధించి విశ్రాంతి పొందినవాడిగా, ఆ పరికరం రూపకల్పనలోని ఆలోచనా క్రమాన్ని మన పాఠకుల ముందు ఉంచాలని నా కోరిక.

నక్షత్రం నుంచి మన చేతికి అందేది కాంతి మాత్రమే. ఆ కాంతిని వర్ణపటంగా విడదీస్తే ఇనుము, క్రోమియం, టైటానియం వంటి మూలకాల పరమాణువులు కాంతిని మింగిన చోట్ల వేల కొద్దీ నల్లటి గీతలు కనిపిస్తాయి. కాంతిని వెలువరించే పరమాణువులను బలమైన అయస్కాంతం మధ్య ఉంచితే వాటి వర్ణపట రేఖలు వెడల్పు అవుతాయని, చీలుతాయని డచ్చి శాస్త్రవేత్త పీటర్ జీమన్ 1896లో ప్రయోగశాలలో గమనించారు. లోరెంజ్‌తో కలిసి ఆయనకు 1902లో నోబెల్ బహుమతి లభించింది. 1908లో అమెరికాలోని మౌంట్ విల్సన్ వేధశాలలో జార్జ్ ఎలరీ హేల్ సూర్యుడి మచ్చల్లో అదే చీలికను చూసి, అక్కడ సుమారు 3,000 గాస్‌ల క్షేత్రం ఉందని నిరూపించారు. భూమి ఉపరితలం మీద క్షేత్రం ఒక గాస్ కూడా ఉండదని గుర్తుంచుకుంటే ఆ సంఖ్య ఎంత పెద్దదో తెలుస్తుంది. సూర్యుడు కాకుండా మరో నక్షత్రంలో క్షేత్రాన్ని తొలిసారి కొలిచింది హొరేస్ బాబ్‌కాక్. 1947లో, కన్యారాశిలోని 78 వర్జినిస్ అనే నక్షత్రంలో సుమారు 1,500 గాస్‌ల క్షేత్రాన్ని ఆయన కనుగొన్నారు. సూర్యుడి నుంచి మరో నక్షత్రానికి చేరడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. ఆ ఆలస్యానికి కారణం తెలుసుకుంటే పరికరం రూపకల్పన సగం అర్థమైనట్టే.

జీమన్ చీలిక చాలా సన్ననిది. 5,000 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు) తరంగదైర్ఘ్యం దగ్గర ఉన్న ఒక సాధారణ రేఖను తీసుకుంటే, 1,000 గాస్‌ల క్షేత్రంలో అది పక్కకు జరిగేది 0.012 ఆంగ్‌స్ట్రామ్ మాత్రమే. నక్షత్రమేమో తన చుట్టూ తాను తిరుగుతూ ఉంటుంది. ఒక అంచు మన వైపు వస్తూ, మరో అంచు మన నుంచి దూరమవుతూ ఉంటే డాప్లర్ ప్రభావం వల్ల ప్రతి రేఖా రెండు వైపులా సాగుతుంది. భ్రమణ వేగం సెకనుకు 10 కిలోమీటర్లు ఉంటే చాలు, ఆ సాగుదల ఒక్కో వైపు 0.17 ఆంగ్‌స్ట్రామ్ ఉంటుంది. అంటే మనకు కావలసిన చీలిక, మనకు అక్కరలేని వెడల్పులో పధ్నాలుగో వంతు. వర్ణపటాన్ని ఎంత విడదీసి చూసినా ఈ ఇబ్బంది తొలగదు, ఎందుకంటే రేఖ నక్షత్రం దగ్గరే వెడల్పై వస్తోంది.

దారి చూపింది ధ్రువణం. కాంతి తరంగాల కంపనం ఒక క్రమానికి కట్టుబడడమే ధ్రువణం. కంపనం ఒకే గీత వెంబడి సాగితే సరళరేఖా ధ్రువణం, గుండ్రంగా తిరిగితే వృత్తాకార ధ్రువణం. క్షేత్రం మన వైపుగా ఉన్నప్పుడు చీలిన రేఖలో ఎరుపు వైపు భాగం ఒక దిశలో వృత్తాకార ధ్రువణం పొందుతుంది, నీలం వైపు భాగం దానికి వ్యతిరేక దిశలో పొందుతుంది. కాబట్టి వచ్చిన కాంతిని కుడి వృత్తాకార కాంతి, ఎడమ వృత్తాకార కాంతి అని రెండుగా విడగొట్టి, రెండింటికీ వేర్వేరుగా వర్ణపటాలు తీస్తే, ఒకే రేఖ రెండు వర్ణపటాల్లోనూ కాస్త వేర్వేరు చోట్ల కనిపిస్తుంది. రేఖ ఎంత వెడల్పుగా ఉన్నా ఆ రెండింటి మధ్య తేడా మిగిలే ఉంటుంది. భ్రమణం రెండు వర్ణపటాలనూ ఒకేలా సాగదీస్తుంది గనుక తీసివేతలో దాని ప్రభావం పోయి, అయస్కాంతం గుర్తు బయటపడుతుంది. నేటి పరికరాలన్నిటికీ పునాది ఇదే. స్పెక్ట్రోగ్రాఫ్‌కు ముందు పోలారిమీటర్ అనే మరో భాగాన్ని చేర్చిన ఈ పరికరాన్ని స్పెక్ట్రోపోలారిమీటర్ అంటారు.

పోలారిమీటర్‌లో ముఖ్యమైనవి రెండు. మొదటిది వృత్తాకార ధ్రువణాన్ని సరళరేఖా ధ్రువణంగా మార్చే పావు తరంగ ఫలకం. రెండోది, ఒకదానికొకటి లంబంగా ఉన్న రెండు సరళరేఖా ధ్రువణాలను రెండు పుంజాలుగా విడదీసే స్ఫటికం. పాత రోజుల్లో పావు తరంగ ఫలకాలను మైకా పొరలతో చేసేవారు. నెల్లూరు, గూడూరు ప్రాంతాల అభ్రకం గురించి తెలిసిన తెలుగువారికి ఆ పదార్థం కొత్తదేమీ కాదు. సరైన మందానికి చీల్చిన మైకా పొర తనలోంచి వెళ్లే కాంతిలో ఒక అంశాన్ని మరో అంశం కన్నా పావు తరంగం వెనుకబడేలా చేస్తుంది. అయితే ఆ మందం ఒక్క రంగుకే సరిపోతుంది. పచ్చ కాంతికి పావు తరంగంగా పనిచేసే పొర నీలానికి ఎక్కువ అవుతుంది, ఎరుపుకు తక్కువ అవుతుంది. వేల రేఖలను ఒకేసారి వాడుకోవాలంటే నీలం నుంచి పరారుణం దాకా ఒకే తీరుగా పనిచేసే ఫలకం కావాలి.

దీనికి ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త ఫ్రెనెల్ రెండు శతాబ్దాల కిందటే చూపిన ఉపాయాన్ని నేటి రూపకర్తలు తిరిగి చేపట్టారు. రాంబస్ ఆకారంలో కోసిన గాజు దిమ్మెలో కాంతి రెండుసార్లు సంపూర్ణాంతర పరావర్తనం చెందుతుంది. ఒక్కో పరావర్తనంలో ఎనిమిదో వంతు తరంగం చొప్పున, రెండింటికీ కలిపి పావు తరంగం తేడా వస్తుంది. ఈ తేడా గాజు మందం మీద ఆధారపడదు. కోణం మీద, వక్రీభవన గుణకం మీద మాత్రమే ఆధారపడుతుంది. వక్రీభవన గుణకం రంగును బట్టి చాలా నెమ్మదిగా మారుతుంది గనుక వర్ణపటం అంతటా ఒకే గాజు దిమ్మె సరిపోతుంది. హవాయి దీవుల్లోని 3.6 మీటర్ల కెనడా-ఫ్రాన్స్-హవాయి టెలిస్కోపుకు అమర్చిన ఎస్పడాన్స్ అనే పరికరంలో ఇలాంటి రాంబులు మూడు ఉన్నాయి. ఒకటి స్థిరంగా ఉండే పావు తరంగ రాంబు, తక్కిన రెండు తిరిగే అర్ధ తరంగ రాంబులు. వాటి వెనుక వోలాస్టన్ పట్టకం కాంతిని రెండు పుంజాలుగా విడదీస్తుంది. 370 నుంచి 1,050 నానోమీటర్ల దాకా వర్ణపటం మొత్తం ఒకే ఎక్స్‌పోజర్‌లో, సుమారు 65,000 విభేదన సామర్థ్యంతో (దగ్గరి తరంగదైర్ఘ్యాలను విడివిడిగా చూపే శక్తితో) నమోదవుతుంది. నా దృష్టిలో ఇది చక్కని రూపకల్పనకు ఒక ఉదాహరణ. కొత్త పదార్థం కనిపెట్టవలసిన అవసరం రాలేదు. పాత సూత్రాన్ని సరైన చోట వాడారు.

ఇక ఈ పోలారిమీటర్‌ను టెలిస్కోపులో ఎక్కడ పెట్టాలన్నది అన్నిటికన్నా ముఖ్యమైన నిర్ణయమని నేను భావిస్తాను. మన వార్తల్లో ఎన్నడూ కనిపించని విషయం కూడా ఇదే. కాంతి ఏటవాలుగా ఉన్న అద్దం మీద పడి పరావర్తనం చెందితే, అంతకు ముందు లేని ధ్రువణం దానిలో పుడుతుంది. ఉన్న ధ్రువణం రూపు మారుతుంది. వృత్తాకారం కొంత సరళరేఖగా, సరళరేఖ కొంత వృత్తాకారంగా మారిపోతుంది. నక్షత్రం గుర్తు పదివేలలో ఒక వంతు ఉన్నప్పుడు, అద్దం తన వంతుగా వందలో ఒక వంతు కలిపితే ఏం కొలుస్తున్నామో మనకే తెలియదు. అందుచేత కాంతి ఏటవాలు అద్దాన్ని తాకకముందే ధ్రువణ విశ్లేషణ ముగియాలి. ప్రధాన దర్పణం, ద్వితీయ దర్పణం రెండూ అక్షం చుట్టూ సౌష్ఠవంగా ఉంటాయి గనుక వాటి అంచుల్లో పుట్టే ధ్రువణాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. కాబట్టి ప్రధాన దర్పణం మధ్యలోని రంధ్రం వెనుక కాంతి ఒకచోట చేరే కాసెగ్రెయిన్ నాభి పోలారిమీటర్‌కు తగిన స్థానం. ఏటవాలు అద్దాలతో కాంతిని పక్కకు మళ్లించే నాభులు తగవు. సూర్యకాంతిని కదిలే అద్దాలతో భూగర్భ సొరంగంలోకి మళ్లించే కొడైకెనాల్ టెలిస్కోపు వంటి చోట్ల, ఆ అద్దాల ధ్రువణాన్ని గణితంతో లెక్కకట్టి తీసివేయక తప్పదు.

దీనిలోంచే మరో చక్కని సౌలభ్యం వచ్చింది. నాణ్యమైన స్పెక్ట్రోగ్రాఫ్ బరువైనది. ఉష్ణోగ్రత కొద్దిగా మారినా వర్ణపటం జరుగుతుంది. కదిలే టెలిస్కోపు తోకకు దాన్ని వేలాడదీస్తే వంగుతుంది. అలాగని ఆప్టికల్ ఫైబర్ల ద్వారా కాంతిని కింది గదికి పంపితే, ఫైబర్ ధ్రువణాన్ని చెరిపేస్తుంది. కాంతిని పైనే రెండు పుంజాలుగా విడదీసిన తరువాత ఈ చిక్కు ఉండదు. ధ్రువణ సమాచారం అప్పటికే రెండు పుంజాల తీవ్రతల్లోకి మారిపోయింది గనుక, రెండు ఫైబర్లలో రెండు పుంజాలను కిందికి పంపి, ఉష్ణోగ్రత స్థిరంగా ఉంచిన గదిలో పక్కపక్కనే రెండు వర్ణపటాలుగా నమోదు చేయవచ్చు. ఫైబర్ ఏం చెరిపినా నష్టం లేదు. ఒక చిక్కును తప్పించుకోవడానికి పనుల వరుసను మార్చడం చాలునన్న ఈ పాఠాన్ని మన ఇంజనీరింగ్ విద్యార్థులకు తరగతి గదిలో చెప్పదగినదిగా భావిస్తున్నాను.

రెండు పుంజాలూ రెండు వేర్వేరు ఫైబర్లలో వెళ్లి, డిటెక్టర్ మీద వేర్వేరు చోట్ల పడతాయి గనుక వాటి మధ్య పరికరం వల్ల వచ్చే తేడా ఉండి తీరుతుంది. ఒక ఫైబర్ కాస్త ఎక్కువ కాంతిని పంపవచ్చు, ఒక పిక్సెల్ కాస్త ఎక్కువ స్పందించవచ్చు. మా సంతల్లో తక్కెడకు పాసంగం ఉందన్న అనుమానం వస్తే సరుకును, గుండ్లను పళ్లాలు మార్చి మరోసారి తూస్తారు. ఇక్కడ చేసేదీ అదే. తరంగ ఫలకాన్ని తిప్పితే మొదటి ఫైబర్‌లో వెళ్లిన కుడి వృత్తాకార కాంతి రెండోదానిలోకి, ఎడమ కాంతి మొదటిదానిలోకి మారతాయి. ఇలా నాలుగు ఎక్స్‌పోజర్లు తీసి వాటి నిష్పత్తులను లెక్కిస్తే ఫైబర్ల తేడా, పిక్సెళ్ల తేడా దాదాపుగా కొట్టుకుపోయి నక్షత్రం ధ్రువణం మిగులుతుంది. అవే నాలుగింటిని మరో వరుసలో కలిపితే నక్షత్రం ధ్రువణం కూడా కొట్టుకుపోయి సున్నా మిగలాలి. ఆ సున్నా వర్ణపటంలో ఏదైనా ఆకారం కనిపిస్తే కొలతలో దోషం ఉన్నట్టు. తన ఫలితాన్ని తానే పరీక్షించుకునే ఏర్పాటు పరికరంలోనే ఉండడం వల్ల ఈ శాస్త్రానికి విశ్వసనీయత వచ్చింది. అయస్కాంత క్షేత్రం కనుగొన్నామన్న వార్త రాసే విలేకరి అడగవలసిన మొదటి ప్రశ్న, సున్నా వర్ణపటం సున్నాగానే ఉందా అన్నదే.

మిగిలిన కష్టం కాంతి కొరత. కాంతి ఫోటాన్లుగా వస్తుంది, వాటి లెక్కలో సహజమైన ఒడిదుడుకులు ఉంటాయి. పదివేలలో ఒక వంతు తేడాను పట్టుకోవాలంటే కనీసం 10 కోట్ల ఫోటాన్లు లెక్కించాలి. లక్షలో ఒక వంతు కావాలంటే 1,000 కోట్లు. ఒక్క రేఖ నుంచి అన్ని ఫోటాన్లు రావడం అసాధ్యం. 1997లో ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త డొనాటి, ఆయన సహచరులు ప్రకటించిన పద్ధతిలో వేల రేఖల సమాచారాన్ని ఒకే సగటు రేఖగా కలుపుతారు. వర్ణపటం అంతటా ఒకే తీరుగా పనిచేసే రాంబు విలువ ఇక్కడ తెలుస్తుంది. రేఖలన్నీ ఒకే ఎక్స్‌పోజర్‌లో లేకపోతే ఈ పద్ధతికి ఆధారమే ఉండదు.

దీని ఫలం 2009లో కనిపించింది. ఫ్రాన్సులోని పిక్ దు మిది పర్వతం మీద ఉన్న 2 మీటర్ల బెర్నార్ లియో టెలిస్కోపుకు ఎస్పడాన్స్‌కు జంటగా నిర్మించిన నార్వల్ అనే పరికరం ఉండేది. దానితో తీసిన రెండు వందలకు పైగా వర్ణపటాలను కలిపి, మనం అభిజిత్తుగా పిలిచే వేగా నక్షత్రంలో సగటున ఒక గాస్ కన్నా తక్కువ క్షేత్రం ఉన్నట్టు గుర్తించారు. మన కాళ్ల కింద భూమి క్షేత్రంతో పోల్చదగిన అంత స్వల్పమైన క్షేత్రాన్ని, 25 కాంతి సంవత్సరాల దూరం నుంచి, కేవలం 2 మీటర్ల అద్దంతో కొలిచారు. అభిజిత్తు ఆకాశంలోని అత్యంత ప్రకాశవంతమైన నక్షత్రాల్లో ఒకటి గనుక కాంతి సమృద్ధిగా దొరికిందన్నది నిజమే. అయినా ఈ ఒక్క ఉదాహరణ చాలు, అద్దం పరిమాణం గురించి మాత్రమే రాసే అలవాటును మనం ఎందుకు మార్చుకోవాలో చెప్పడానికి.

పరారుణంలో పనిచేసే పరికరాల గురించి ఒక్క మాట. జీమన్ చీలిక తరంగదైర్ఘ్యం వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది, డాప్లర్ సాగుదల తరంగదైర్ఘ్యానికి మాత్రమే అనుపాతం. కాబట్టి పరారుణంలో అయస్కాంతానికే మొగ్గు ఉంటుంది. ఎర్రటి చిన్న నక్షత్రాలు ఎక్కువ కాంతిని అక్కడే వెలువరిస్తాయి. 2018లో తొలి కాంతిని అందుకున్న స్పీరూ అనే పరికరాన్ని ఇందుకోసమే రూపొందించారు. అయితే పరారుణంలో పరికరం తన వేడితో తానే వెలుగుతుంది గనుక స్పెక్ట్రోగ్రాఫ్ మొత్తాన్ని శూన్యంలో, అతి శీతలంగా ఉంచాలి. ఖర్చూ శ్రమా అనేక రెట్లు పెరుగుతాయి.

మన దేశంలో తగిన టెలిస్కోపులు లేవని ఎవరూ అనలేరు. తమిళనాడులోని కావలూరులో 2.34 మీటర్ల వైనుబప్పు టెలిస్కోపు, లడఖ్‌లోని హాన్లేలో 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపు, నైనిటాల్ దగ్గర దేవస్థల్‌లో 3.6 మీటర్ల టెలిస్కోపు ఉన్నాయి. ఆదిత్య-ఎల్1లో, సూర్యబింబాన్ని మరుగుపరచి చుట్టూ ఉన్న పలుచని వెలుగును చూసే కరోనాగ్రాఫ్‌లో, ఆ వెలుగు అంటే కరోనా అయస్కాంత క్షేత్రాన్ని ధ్రువణం ద్వారా కొలిచేందుకు ఏర్పాటు ఉంది. దాన్ని బెంగళూరులోని భారతీయ ఖగోళ భౌతిక సంస్థ నిర్మించింది. రేపు ఇలాంటి పరికరాలు మరిన్ని రావాలంటే దృశాశాస్త్రం తెలిసినవారు, లోహపు పనితనం తెలిసినవారు, డిటెక్టర్ ఎలక్ట్రానిక్స్ తెలిసినవారు, లెక్కలు రాసేవారు కలిసి పనిచేయాలి. ఆ మనుషులు ఎక్కడి నుంచి వస్తారు? రాయగడ, గజపతి, గంజాం జిల్లాల కళాశాలల నుంచి ఎందుకు రాకూడదు?

ఈ నేలకు ఆ అర్హత లేదనే మాటను నేను ఒప్పుకోను. ఒడిశాలోని ఖండపడాలో 1835లో పుట్టిన పఠాణి సామంత టెలిస్కోపు లేకుండా, వెదురుతో, కర్రతో స్వయంగా చేసుకున్న సాధనాలతో గ్రహగతులను కొలిచారు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు గుంటూరులో ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ స్పెక్ట్రోస్కోపుతో సూర్యుడి జ్వాలల ప్రకాశ రేఖలను చూసి, గ్రహణం లేకున్నా వాటిని చూడవచ్చని గ్రహించి మర్నాడే చూశారు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు సొంత ఖర్చుతో నెలకొల్పిన వేధశాలను ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు కొనసాగించి, 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు సాగిన దృశ్యాన్ని నమోదు చేశారు. వీరంతా ఇక్కడికి రైలు ప్రయాణమంత దూరంలో పనిచేసినవారే. మా పిల్లలకు పఠాణి సామంత గురించి ఒడియా పాఠంలో తెలుస్తుంది. మిగతావారి గురించి తెలుగులో చెప్పవలసింది మనమే.

ఇక నా సూచన. నక్షత్రం కొలత విద్యార్థుల శక్తికి మించినది, కానీ సూర్యుడి మచ్చలో జీమన్ ప్రభావాన్ని కొలవడం కళాశాల స్థాయిలో సాధ్యమే. పలు దేశాల్లో ఔత్సాహికులు చేసి చూపారు. సూర్యుడు తన పదకొండేళ్ల చక్రంలో 2024లో గరిష్ఠ దశకు చేరుకున్నాడు గనుక ఇంకొంత కాలం మచ్చలు దొరుకుతాయి. కటకాలతో పనిచేసే చిన్న వక్రీభవన టెలిస్కోపు, కాంతి దూరే సన్నని సందు (స్లిట్), కాంతిని వర్ణపటంగా విడదీసే, మిల్లీమీటరుకు 2,400 గీతలున్న గ్రేటింగ్ పలక, ఒక కెమెరా ఉంటే 30,000 స్థాయి విభేదన సామర్థ్యం గల స్పెక్ట్రోగ్రాఫ్‌ను అమర్చవచ్చు. ఆ సందుకు ముందు ఒక పావు తరంగ పొర, దాని వెనుక ఒక సరళరేఖా ధ్రువక పొర పెట్టాలి.

చూడవలసిన చోటు ఎరుపులో 6,302.5 ఆంగ్‌స్ట్రామ్‌ల ఇనుము రేఖ. అయస్కాంతానికి అది బాగా స్పందిస్తుంది. 3,000 గాస్‌ల మచ్చలో ఆ రేఖ ఒక్కో వైపు 0.14 ఆంగ్‌స్ట్రామ్ జరుగుతుంది. అంటే రెండు ధ్రువణాల మధ్య తేడా సుమారు 0.28. పక్కనే 6,301.5 దగ్గర మరో ఇనుము రేఖ ఉంది. దాని స్పందన తక్కువ, అదే మచ్చలో 0.09 మాత్రమే జరుగుతుంది. జరుగుదలల నిష్పత్తి మూడుకు రెండుగా వస్తే కొలిచింది అయస్కాంతాన్నే అని నమ్మవచ్చు. ఇంకా మంచి సంగతి, ఆ రేఖల పక్కనే 6,302.0 దగ్గర, 6,302.76 దగ్గర మన వాతావరణంలోని ఆక్సిజన్ గీసిన రెండు సన్నని రేఖలు ఉన్నాయి. సూర్యుడి అయస్కాంతంతో వాటికి సంబంధం లేదు, అవి కదలవు. ప్రకృతి ప్రతి ఫొటోలోనూ స్కేలు ముద్రించి ఇస్తోంది.

పెద్ద పరికరాల రూపకల్పనలోని జాగ్రత్తలన్నీ ఇక్కడా వర్తిస్తాయి. 45 డిగ్రీల వాలు అద్దం ఉండే న్యూటన్ తరహా టెలిస్కోపు గానీ, కంటి సౌకర్యానికి పెట్టే డయాగనల్ అద్దం గానీ వాడకూడదు. కుడి, ఎడమలను మార్చడానికి ధ్రువక పొరను తిప్పకుండా పావు తరంగ పొరనే 90 డిగ్రీలు తిప్పాలి. గ్రేటింగ్ సామర్థ్యం ధ్రువణ దిశను బట్టి మారుతుంది గనుక దానికి చేరే సరళరేఖా ధ్రువణం రెండుసార్లూ ఒకటే ఉండాలి. మచ్చ లేని చోట కూడా ఇదే కొలత తీసి, తేడా సున్నా వస్తోందో లేదో చూడాలి. సూర్యుడి వైపు తిప్పిన టెలిస్కోపులోకి ఎవరూ కంటితో చూడకూడదు, చిత్రం కెమెరాకే వెళ్లాలి. ఈ నియమాన్ని అధ్యాపకుడు దగ్గర ఉండి పాటింపజేయాలి.

బరంపురంలో విశ్వవిద్యాలయం ఉంది, 2016 నుంచి ఐసర్ (భారతీయ విజ్ఞాన విద్య, పరిశోధన సంస్థ) ఉంది. పర్లాకిమిడిలోను, రాయగడ, గుణుపురంలలోను డిగ్రీ, ఇంజనీరింగ్ కళాశాలలు ఉన్నాయి. సరిహద్దుకు అటు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కళాశాలలు ఉన్నాయి. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుగా ఒక బృందం యాంత్రిక భాగాలను, మరో బృందం పోలారిమీటర్‌ను, మూడో బృందం లెక్కల ప్రోగ్రామును తీసుకుంటే, ఒడియా విద్యార్థులూ తెలుగు విద్యార్థులూ కలిసి చేసే పని అవుతుంది. అధ్యాపకులు పూనుకోవాలని, పెద్ద సంస్థలవారు ఒకటి రెండు రోజులు వచ్చి మార్గం చూపాలని మీ పత్రిక ద్వారా విన్నవిస్తున్నాను.

మీ వైపు నుంచి కోరేది ఇది. నక్షత్ర అయస్కాంత క్షేత్రం గురించి వార్త వచ్చినప్పుడు, పక్కన చిన్న పెట్టె కట్టి ఏ పరికరంతో కొలిచారో, పోలారిమీటర్ ఏ నాభి దగ్గర ఉందో, ఎన్ని ఎక్స్‌పోజర్లు కలిపారో, కొలతలో దోష పరిమితి ఎంతో, సున్నా వర్ణపటం ఏం చెప్పిందో రాయండి. కాంతి మార్గాన్ని చూపే ఒక రేఖాచిత్రం వేయండి. ఆ పుటను జిల్లా అనుబంధాల్లో సరిహద్దు పట్టణాలకు వచ్చే ప్రతుల్లో తగ్గించకుండా ఇవ్వండి. ఈ ఉత్తరంలో చెప్పిన సూర్యుడి మచ్చ ప్రయోగాన్ని చేపట్టే కళాశాల ఏదైనా ఉంటే, రేఖలను గుర్తించడంలోను, లెక్క సరిచూడడంలోను సాయపడడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా